తాండ్ర పెట్టిన ఓవెన్

రీసెర్చ్ సెంటర్లో ఇప్పటికీ నన్ను వెనకాల తాండ్ర మేడం అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. కారిడార్ మలుపు తిరిగాక, వినబడీ వినబడనట్టు అంటారు. నాకు ఆ పేరు రావడానికి కారణమైన మనిషి గదిలోకి వస్తే మాత్రం అందరూ లేచి నిలబడతారు. అసలు జరిగిందేమిటో ఇన్నాళ్ళలో ఒక్కరు కూడా నన్ను అడగలేదు. అడగకపోయినా చెప్పదలచుకున్నాను.

నేను పెద్దాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ గెస్ట్ లెక్చరర్ని. గెస్ట్ అని మర్యాదగా అంటారు గానీ, స్టాఫ్ రూములో ఎవరైనా సెలవు పెట్టిన రోజునే నాకు కుర్చీ దొరుకుతుంది. ఇల్లు సామర్లకోట. పార్ట్ టైం పిహెచ్‌డి కోసం వారంలో వీలైనన్ని రోజులు రైలెక్కి రాజమండ్రి రీసెర్చ్ సెంటర్‌కి వెళ్ళేదాన్ని. చేరిన రోజు గైడ్ గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీవారు ఒప్పుకున్నారామ్మా?" అని. అదే రోజు చేరిన మరో అబ్బాయిని మాత్రం ఏ జర్నల్స్ చదువుతావని అడిగారు. అతను ఏమీ చదవనని చెప్పాడు. నేను చదువుతాను, నన్ను అడగలేదు.

నా పని సీరియం ఆక్సైడ్ మీద. చేతిలో పోసుకుంటే లేత పసుపు పొడి, పాతబడ్డ శనగపిండిలా ఉంటుంది. అందులో ఒక్కో రేణువు కంటికే కాదు, కాలేజీల్లో ఉండే మామూలు మైక్రోస్కోపుకీ అందనంత చిన్నది. ఒక పద్ధతిలో చేస్తే ఆ రేణువులు సన్నటి కడ్డీల్లా వస్తాయి, మరో పద్ధతిలో పాచికల్లా వస్తాయి. ఏ పద్ధతీ సరిగా కుదరకపోతే ఆకారం లేని నలుసులు వస్తాయి. సరుకు అన్నిటికీ ఒకటే. సీరియం లవణాన్ని నీళ్ళలో కరిగించి, చిక్కటి కాస్టిక్ సోడా కలిపి, టెఫ్లాన్ గిన్నెలో పోసి, ఆ గిన్నెను మందపాటి స్టీలు డబ్బాలో పెట్టి మర బిగించి ఓవెన్లో ఉంచుతాం. ఆ డబ్బాను ల్యాబుల్లో బాంబు అంటారు. నీళ్ళు మరిగేంత వేడిలో ఒక రోజంతా కదపకుండా ఉంచితే కడ్డీలు. వేడి బాగా పెంచితే పాచికలు. తేడా అంతా ఓవెన్లోనే.

ఆకారం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, రసాయన చర్య రేణువు పై ముఖాల మీద జరుగుతుంది. కడ్డీకి బయటికి తేలే ముఖాలు వేరు, పాచికకు వేరు. ఒక ఆల్కహాలును బాదం వాసన వేసే ద్రవంగా మార్చడానికి నేను ఆ పొడిని వాడేదాన్ని. చర్య అయ్యాక పొడిని వడగట్టి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ కొత్త ఆల్కహాలులో వేస్తే మళ్ళీ అంతే పని చేసేది. మళ్ళీ కడిగి వేసినా అంతే. చాలామంది చేసిన పొడులు మొదటిసారి బ్రహ్మాండంగా పనిచేసి రెండోసారికి ముద్దగట్టి చచ్చిపోతాయి. నా కడ్డీలు ఎన్నిసార్లు వాడినా కడ్డీలుగానే ఉండేవి. నా పిహెచ్‌డి మొత్తం ఆ ఒక్క మాట మీద ఆధారపడింది. చిక్కేమిటంటే కడ్డీ అయినా, పాచిక అయినా, నలుసు అయినా చేతిలో ఉన్నప్పుడు అదే లేత పసుపు పొడి. దూరపు ఊళ్ళో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి తీసిన ఫొటో వస్తే తప్ప నా మాట ఎవరూ నమ్మరు. నమ్మించడమే అప్పుడు నా పని.

థీసిస్ ఇచ్చే ముందు సెమినార్ పెడతారు. బయట నుంచి వచ్చే నిపుణుడు ముందుగానే కబురు పెట్టాడు. పాత ఫొటోలు చాలవు, కొత్తగా ఒక విడత చేసి, దాని ఫొటో కూడా చూపించమన్నాడు. ఒకసారి వచ్చింది మళ్ళీ వస్తుందా అని ఆయన అనుమానం. న్యాయమైన అనుమానమే. మైక్రోస్కోపు దగ్గర రోజు ఖరారు చేసుకుని, మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం బాంబు బిగించి ఓవెన్లో పెట్టాను. వేడి సరిచూసి, తలుపు మీద ‘తెరవవద్దు’ అని కాగితం అంటించి, ఆదివారం ఆపేయమని ల్యాబ్ అటెండర్‌కి చెప్పి రైలెక్కాను.

ఆ సాయంత్రం వాన పడింది. రైలు సామర్లకోట చేరేసరికి ప్లాట్‌ఫారం తడిసి ఉంది. ఎండలకు ఉపశమనం అని అందరితో పాటు నేనూ సంతోషించాను.

గైడ్ గారి అత్తవారిది గౌతమి ఒడ్డున లంక ఊరు. మామిడి తోటలున్నాయి. ఏటా వేసవిలో ఆయన భార్య రాజమండ్రిలో మేడ మీద తాండ్ర పోస్తుంది. మామిడి రసం, బెల్లం కలిపి చాప మీద పలచగా ఒక పొర పోసి ఎండనిస్తారు. అది ఎండాక దాని మీద మరో పొర, దాని మీద మరొకటి. మధ్యలో ఏ పొర తడిగా ఉండిపోయినా మొత్తం పులిసిపోతుంది. అందుకని తాండ్ర పోసే ఇళ్ళలో మబ్బు పడితే మనుషులు ఇంట్లో కూర్చోరు. ఇదంతా నాకు తెలియనిది కాదు. నేనూ ఈ జిల్లాలో పుట్టినదాన్నే.

సోమవారం నేను ల్యాబ్ తలుపు తీసేసరికి మాడిన మామిడి రసం వాసన గుప్పుమంది. ఓవెన్ లోపలి అరల మీద మరకలు ఉన్నాయి. ఒక అర అంచుకి కారిన రసం నల్లగా మాడి అతుక్కుని ఉంది. నేను అంటించిన కాగితం మాత్రం జాగ్రత్తగా అలాగే ఉంది. అటెండర్‌ని పిలిచాను.

"సార్ తెచ్చారు మేడం. పళ్ళాలతో. నేనేం అంటానండి?"

"నా బాంబు ఏమైంది?"

"తీసి టేబుల్ మీద పెట్టారండి. నిన్న పొద్దున్న వచ్చి మళ్ళీ లోపల పెట్టేశారు. కంగారు పడకండి, పడెయ్యలేదు."

గైడ్ గారి గదికి వెళ్ళాను. ఆయన నవ్వుతూ కూర్చోమన్నారు. ఆయన కూర్చోమనడం అరుదు కాబట్టి అప్పుడే నాకు విషయం అర్థమైంది.

"వాన చూశావు కదమ్మా. రెండు పొరలు పచ్చిగా ఉన్నాయి. మా ఆవిడ ఒకటే ఏడుపు. ఓవెన్ అరవైలో పెట్టి రాత్రంతా ఉంచాను. నీ బాంబు మళ్ళీ పెట్టేశాను కదా."

"మధ్యలో చల్లారిపోయింది కదండి."

"ఆ పోయిన టైం కలిసొస్తుందని నూట ఎనభైకి పెంచానులే. నాకు తెలియదా?"

ఆయన ఆర్గానిక్ కెమిస్ట్రీ మనిషి. ఆయన నేర్చుకున్న చోట చర్య నత్తనడక నడిస్తే వేడి పెంచుతారు, త్వరగా అయిపోతుంది. ఈ పొడులకు ఆ లెక్క పనికిరాదు. వేడి పెంచితే పని త్వరగా అవ్వదు, వేరే వస్తువు అవుతుంది. నా థీసిస్‌లో మొదటి అధ్యాయం అదే. ఆయన దాన్ని చదివి సంతకం పెట్టారు.

"ఇది పారేసి మళ్ళీ చేస్తానండి," అన్నాను.

"మైక్రోస్కోపు రోజు పోతుంది. మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో ఏంటో. పంపించెయ్. కాస్త అటూ ఇటూ ఉన్నా కడ్డీలే ఉంటాయి. నువ్వు ప్రతిదానికీ గొడవ చేస్తావమ్మా."

పంపించాను. పంపించే ముందు అందులో కొంత తీసి ఆల్కహాలులో వేసి చూశాను. చెడిపోయిన వస్తువు ఎలా చెడిపోయిందో చూడకుండా వదలలేను. మొదటిసారి వాడినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. నా మంచి కడ్డీల కంటే జోరుగా పని చేసింది. కుప్పె మూత తియ్యగానే బాదం వాసన గది నిండింది. కడిగి, ఆరబెట్టి రెండోసారి వేశాను. సగం కూడా రాలేదు. ఆ తర్వాత వాసనే లేదు. ఇదంతా గైడ్ గారికి చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ, "మొదటిసారి బాగా వచ్చిందన్నమాట," అన్నారు. రెండో మాట ఆయన చెవిన పడిందో లేదో నాకు తెలియదు.

ఆ వారం ఆయన భార్య చేసిన తాండ్రను కాగితంలో చుట్టి డిపార్ట్‌మెంట్ అందరికీ పంచారు. రసాయనాలు ఎండబెట్టే ఓవెన్లో ఎండింది. అందరూ తిన్నారు. నాకు ఇచ్చిన ముక్క టేబుల్ మీదే వదిలేశాను. దానికీ నన్ను అన్నారు, పొగరు అని.

ఫొటో వచ్చింది. అక్కడక్కడా విరిగిన కడ్డీలు, వాటి మధ్య పాచికలు, మిగతాదంతా ఆకారం లేని నలుసులు. నేను ఊహించిందే.

సెమినార్లో నిపుణుడు ఆ ఫొటో మీద లేజర్ చుక్క తిప్పుతూ, "ఇందులో కడ్డీలు ఎక్కడున్నాయండి?" అని అడిగాడు. నేను గైడ్ గారి వైపు చూశాను. ఒక్క మాట ఆయన చెబుతారని. వేడి మధ్యలో ఆగిందని చెప్పినా చాలు, ఎందుకు ఆగిందో చెప్పక్కర్లేదు. ఆయన మైకు అందుకున్నారు.

"అమ్మాయి కష్టపడుతుందండి. కానీ కాలేజీ, ఇల్లు, రైళ్ళు. ధ్యాస ఒకచోట ఉండదు. చేతిలో ఇంకా పట్టు రావాలి."

నా చేతి మీద మాట పడింది. ఇంక ఊరుకోలేదు.

"సార్, ఆ రోజు బాంబు ఓవెన్లోంచి బయటికి తీశారు. ఒక రాత్రంతా బయటే ఉంది. మా గైడ్ గారు ఓవెన్లో మామిడి తాండ్ర ఎండబెట్టారండి."

నిపుణుడు కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"మరి తాండ్ర బాగా కుదిరిందా?"

హాలంతా నవ్వు. వెనక వరసలో ఎవరో బల్ల చరిచారు. గైడ్ గారు కూడా నవ్వారు, అందరికంటే హాయిగా.

"మా ఆవిడ చేతి తాండ్రండి. వెళ్ళేటప్పుడు మీకూ కట్టిస్తాను."

నేను నవ్వలేదు. తర్వాతి స్లైడ్ వేశాను. ఎవరూ చూడలేదు. మళ్ళీ చేసి చూపించమని రాసి పంపించారు. తాండ్ర మేడం అన్న పేరు ఆ మధ్యాహ్నం టీ తాగే చోట పుట్టింది.

గదిలోకి పిలిచి గైడ్ గారు తలుపు వేశారు. "నా పరువు తీశావు. నీకు సంతకం పెట్టాల్సింది నేనే, గుర్తుందా?" అన్నారు.

"గుర్తుందండి. నా చేతి గురించి అన్న మాట మీరు వెనక్కి తీసుకోండి," అన్నాను.

తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోలేదు.

ఇంటికి వెళ్ళి మావారికి చెప్తే, "రెండు మామిడి పళ్ళ కోసం అంత రభసా?" అన్నారు. ఆయన్ని మా ఇంట్లో అందరూ నెమ్మదస్తుడు అంటారు. ఆ వేసవిలో మా ఇంట్లో నేను మామిడిపండు కొయ్యలేదు. ఆయన కోసుకున్నారు, తిన్నారు, టెంకలు నా కళ్ళెదురుగానే పారేశారు.

మళ్ళీ చేశాను. కాలేజీకి సెలవు పెట్టి, స్టూలు తెచ్చుకుని ఓవెన్ ఎదురుగా కూర్చున్నాను. గైడ్ గారు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు. ఆయన్ని లోపలికి రమ్మని నేను అనలేదు. సాయంత్రం ఇంటికి పోక తప్పలేదు కాబట్టి నా సొంత తాళం వేసుకుని వెళ్ళాను. ఓవెన్‌కి తాళమేంటని అటెండర్ నవ్వాడు. ఆ తాళం తీయించడానికి గైడ్ గారు ఆఫీసుకి ఫిర్యాదు చేశారని తర్వాత తెలిసింది.

ఈసారి ఫొటోలో కడ్డీలు తప్ప ఇంకేమీ లేవు. ఎన్నోసార్లు వాడి, కడిగి, ఆరబెట్టిన పొడి ఫొటో కూడా తీయించాను. అందులోనూ కడ్డీలే. నిపుణుడు ఫొటోలు చూసి, సరే, థీసిస్ ఇచ్చెయ్యమని కబురు పంపాడు. అంతే. ముందు నవ్వినందుకు ఒక్క మాట లేదు. నవ్విన హాలులో ఒక్కరు వచ్చి, మీ చేతిలో తప్పు లేదండి అనలేదు. తప్పు పట్టడానికి అంతమంది, సరిదిద్దడానికి ఎవరూ లేరు.

థీసిస్‌లో ఒక వాక్యం దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. వేడి మధ్యలో ఆగి, తర్వాత పెరిగితే ఆకారం చెడుతుందని, అలా చెడిన పొడి మొదటిసారి జోరుగా పనిచేసినా రెండోసారికి నిలవదని రాశాను. అది సైన్సు. గైడ్ గారు ఎర్ర పెన్నుతో ‘విద్యుత్ అంతరాయం వల్ల’ అని చేర్చారు.

"ఆ రోజు కరెంటు పోలేదండి," అన్నాను.

"ఏదో ఒకటి ఉండాలి కదమ్మా. కరెంటు వాళ్ళేం వచ్చి అడగరు."

నేను ఆ మాట కొట్టేశాను. ఆయన మళ్ళీ రాశారు. వానాకాలమంతా నా థీసిస్ ఆయన బల్ల మీద అలాగే ఉంది. చివరికి ఏ కారణమూ లేకుండా ‘వేడి ఆగినందువల్ల’ అన్న దగ్గర ఇద్దరం ఆగాం. సంతకం పెట్టారు. డిగ్రీ వచ్చింది. నా ఉద్యోగం మాత్రం ఇంకా గెస్టే.

పోయిన శీతాకాలం తుని దగ్గర హైవే పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కాన్ఫరెన్స్ జరిగింది. మా కాలేజీ తరఫున వెళ్ళమన్నారు. వెళ్ళేదాకా ప్రధాన ఉపన్యాసం ఎవరిదో చూడలేదు. గైడ్ గారిది. శాలువా కప్పారు, పూలగుచ్ఛం ఇచ్చారు. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"మా గోదావరి జిల్లాలో వేసవి అంటే మామిడి తాండ్రండి," అని మొదలుపెట్టారు.

నేను నిటారుగా కూర్చున్నాను.

మొత్తం చెప్పారు. వాన, పచ్చి పొరలు, భార్య కంగారు, ఓవెన్, మళ్ళీ లోపల పెట్టడం, వేడి పెంచడం. ఒక్కటీ వదల్లేదు. నేను చెప్పినప్పుడు ఏ మాటలకు నవ్వారో ఆ మాటలే. ఆయన చెబుతుంటే హాలు ముచ్చటపడి వింది. అనుకోకుండా దొరికిన కొత్త పద్ధతి అన్నారు. ముందు కాస్త వేడి, తర్వాత చల్లార్పు, తర్వాత హెచ్చు వేడి. అలా చేస్తే కడ్డీలూ పాచికలూ నలుసులూ కలిసిన పొడి వస్తుందని, అది ఒట్టి కడ్డీల కంటే ఎక్కువ పనిచేస్తుందని గీతలు వేసి చూపించారు. మళ్ళీ మళ్ళీ వాడుకోగల ఉత్ప్రేరకాల దారిలో ఇదొక మైలురాయి అని ముగించారు. తెర మీద వేసిన ఫొటో నాది. విరిగిన కడ్డీల ఫొటో. కింద ఆయన పేరు, ఇప్పుడు ఆయన దగ్గర చేస్తున్న కొత్త స్కాలర్ పేరు ఉన్నాయి.

చప్పట్లు కొట్టారు. ప్రశ్నలు అడగమన్నారు. నేను చెయ్యెత్తాను. మైకు పట్టుకొచ్చిన వాలంటీరు నా పక్కాయనకి ఇవ్వబోతే లాక్కున్నాను.

"నమస్కారమండి. ఆ పొడిని రెండోసారి వాడి చూశారా?"

గైడ్ గారు నన్ను చూశారు. గుర్తుపట్టడానికి ఆయనకి అరక్షణం కూడా పట్టలేదు.

"ఈవిడ మా స్టూడెంటేనండి. ఆ రోజు ఓవెన్లో ఉన్న శాంపిల్ ఈవిడదే. గట్టిగా చప్పట్లు కొట్టండి."

కొట్టారు. వెనక్కి తిరిగి నన్ను చూసి మరీ కొట్టారు. నేను మైకు వదల్లేదు.

"రెండోసారి సంగతి అడిగానండి."

"మంచి ప్రశ్న. ఆ పని జరుగుతోంది," అన్నారు ఆయన. అధ్యక్షుల వారు గడియారం చూసి భోజనాలకి లేవమన్నారు.

భోజనాల వరసలో ఆ కొత్త స్కాలర్ పళ్ళెం పట్టుకుని నా వెనక వచ్చి నిలబడ్డాడు. ముప్ఫై దాటని మనిషి, మెళ్ళో బ్యాడ్జి.

"మేడం, రెండోసారి రావట్లేదండి," అన్నాడు నెమ్మదిగా.

"నాకు తెలుసు."

"సార్‌కి చెప్తే సరిగ్గా కడగలేదు, నీ చేతిలో పట్టు లేదంటున్నారు. ఎలా కడగాలండి?"

"ఎలా కడిగినా రాదు. దానికి ఆకారమే లేదు. నా థీసిస్‌లో రాసి ఉంది."

"చదివానండి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

చదివాడట. చదివి కూడా ఆ ఫొటో కింద పేరు వేయించుకున్నాడు.

"ఇందాక నేను లేచి అడిగినప్పుడు మీరు ముందు వరసలోనే ఉన్నారు," అన్నాను. "ఒక్క మాట చెప్పాల్సింది."

అతను పళ్ళెంలోకి చూసుకున్నాడు. "సార్ సంతకం కావాలి కదండి."

"నాకూ అప్పుడు అదే సంతకం కావాల్సి ఉంది. అయినా చెప్పాను."

అతను ఏదో అనబోయాడు. ఈలోగా లోపలి టేబుల్ దగ్గర నుంచి గైడ్ గారు చెయ్యి ఊపారు, మంచినీళ్ళ సీసా కోసం. అతను తన పళ్ళెం నా చేతికి ఇచ్చి, "ఒక్క నిమిషం పట్టుకోండి మేడం," అని పరిగెత్తాడు. రెండు పళ్ళాలతో నేను వరసలో నిలబడ్డాను. ఎంతసేపటికీ రాలేదు. నా వంతు వచ్చింది. అతని పళ్ళెం బల్ల మీద పెట్టేసి, నాది పట్టుకుని పులిహోర వడ్డించుకున్నాను.